ప్రశ్నలు – జవాబులు: స్నేహితుల ప్రయాణంలో ‘వద్దు’ అనేదెవరు?

ప్రశ్న: మాది విజయనగరం వైపు. మా మామగారి కాలం నుంచీ రైల్వే ఉద్యోగాలతో బిలాస్‌పూర్‌లోనే స్థిరపడ్డాం. ఇప్పుడు కోనిలో ఉంటున్నాం. మా అబ్బాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. వానాకాలంలో ఐదుగురు స్నేహితులతో కలిసి బండ్ల మీద ఖూటాఘాట్ డ్యాంకి వెళ్లాడు. అలుగు పారుతుంటే అందులోకి దిగి వీడియోలు తీసుకున్నారు. ఒకడు జారితే చొక్కా పట్టుకుని లాగారట. ఫోన్లో వీడియో కంటపడితేగాని మాకీ సంగతి తెలియలేదు. అడిగితే ‘ఏం కాలేదు కదా అమ్మా’ అంటాడు. ఇప్పుడు అమర్‌కంటక్ ప్రయాణం పెట్టుకున్నారు. ఇకమీదట ఎక్కడికీ పంపేది లేదని మావారు గట్టిగా అంటున్నారు. పంపమంటారా, ఆపమంటారా?
– ఒక తల్లి, కోని, బిలాస్‌పూర్

జవాబు: పంపండి. అయితే ‘ఏం కాలేదు కదా’ అన్న మాటను ఒప్పుకుని మాత్రం పంపకండి. మీ అబ్బాయి అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే ఏం కాలేదు. చిక్కంతా అక్కడే ఉంది. చొక్కా చేతికి అందింది కాబట్టి ఆ రోజు వాళ్లకు సరదాగా మిగిలిపోయింది. అందకపోయినా ఆ పిల్లలు వాళ్లే, ఆ నీళ్లు అవే, వాళ్లు చేసిన పనీ అదే. ఇలా తృటిలో తప్పిన ప్రమాదాన్ని చాలామంది హెచ్చరికగా తీసుకోరు, మళ్లీ వెళ్లొచ్చన్న భరోసాగా తీసుకుంటారు. అదే ఖూటాఘాట్‌లో 2020 ఆగస్టు 16న అలుగు దగ్గర నీళ్లలోకి దూకిన ఒకాయన ప్రవాహంలో చిక్కుకుని, మధ్యలో ఉన్న బండనూ చెట్టునూ పట్టుకుని రాత్రంతా గడిపాడు. సాయానికి వచ్చినవాళ్లు ఒడ్డునే ఉన్నా ఆయన దగ్గరికి పోలేకపోయారు. మర్నాడు పొద్దున వాయుసేన ఎంఐ-17 హెలికాప్టర్ వచ్చి పైకి లాగితే బతికి బయటపడ్డాడు. ఇది ఎక్కడో జరిగింది కాదు, మీ కోని మీదుగా పోయే రతన్‌పూర్ రోడ్డు పట్టుకుంటే వచ్చే డ్యాం.

అలుగు మనిషిని ఎలా మోసం చేస్తుందో మీ అబ్బాయికి విడమరచి చెప్పండి. వాలుగా కట్టిన కట్టు మీద నీళ్లు పిక్కల దాకానే ఉంటాయి. అడుగు కనిపిస్తూనే ఉంటుంది, అందుకే ధైర్యం వస్తుంది. ఆ అడుగున పట్టిన పాచి మాత్రం కాలు జారేదాకా తెలియదు. ప్రవాహం వేగం రెట్టింపైతే కాళ్ల మీద పడే తోపుడు నాలుగింతలవుతుంది. పిక్కల్లోతులో నిలదొక్కుకున్నవాడు నాలుగడుగులు ముందుకు వేసి మోకాళ్లు మునిగేసరికి నిలవలేడు. పైనుంచి దూకిన నీళ్లు అలుగు కింద మళ్లీ కట్టువైపే తిరుగుతుంటాయి, పడ్డవాడిని బయటికి పోనివ్వవు. నురుగులో గాలి ఎక్కువ, అందుకని అక్కడి నీళ్లకు మనిషిని తేల్చే బలమూ తక్కువే. చెరువులో నేర్చుకున్న ఈత అక్కడ అక్కరకు రాదు.

ఇంతకీ ఆ ఆరుగురిలో ‘దిగుదాం’ అని నిర్ణయించింది ఎవరు? కోపం చూపకుండా మీ అబ్బాయిని ఈ ఒక్క ప్రశ్న అడగండి. బహుశా జవాబు రాదు. ఒకడు చెప్పులు విప్పి ఉంటాడు, ఇంకొకడు ఫోన్ తీసి ఉంటాడు, వీళ్లు దిగుతున్నారు కదా అని మూడోవాడు అనుకుని ఉంటాడు. స్నేహితుల ప్రయాణాల్లో ప్రాణం మీదికి తెచ్చే పనులు చాలావరకు ఎవరూ నిర్ణయించకుండానే జరిగిపోతాయన్నది నా అభిప్రాయం. జెర్రీ హార్వీ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1974లో తన ఇంటివాళ్ల ప్రయాణం గురించి ఒక వ్యాసం రాశారు. టెక్సస్‌లో మండుటెండలో, ఏసీ లేని కారులో, 53 మైళ్ల దూరంలోని అబిలీన్ ఊరికి నలుగురూ భోజనానికి వెళ్లొచ్చారు. ఉస్సూరంటూ ఇల్లు చేరాక మాటల్లో తేలిందేమిటంటే, వెళ్లాలని నలుగురిలో ఒక్కరికీ లేదు. ఎదుటివాళ్ల ఉత్సాహం మీద నీళ్లు చల్లడం ఇష్టంలేక ప్రతివాళ్లూ సరేనన్నారు. అక్కడ పోయింది ఒక మధ్యాహ్నం. పారే అలుగు దగ్గర ఇదే మొహమాటానికి ప్రాణం పోతుంది.

వయసు కూడా దీనికి తోడవుతుంది. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే పరిశోధకులు 306 మందితో కారు నడిపే వీడియో గేమ్ ఆడించారు. ఒంటరిగా ఆడినవాళ్లకంటే పక్కన తోటివాళ్లు ఉండగా ఆడినవాళ్లు ఎక్కువ తెగించారు. 24 ఏళ్లు, ఆపై వయసువాళ్లతో పోలిస్తే 13–16 ఏళ్ల పిల్లల్లోనూ 18–22 ఏళ్ల యువతలోనూ ఆ తేడా బాగా కనిపించింది. మీ అబ్బాయి ఒక్కడే ఖూటాఘాట్ వెళ్లి ఉంటే గట్టు మీద కూర్చుని చూసి వచ్చేవాడేమో. సెల్ఫీ తీసుకుంటూ చనిపోయినట్టు 2011 అక్టోబరు నుంచి 2017 నవంబరు దాకా ప్రపంచవ్యాప్తంగా వార్తల్లో వచ్చిన 259 మంది వివరాలను మన దేశపు వైద్యులు పరిశీలించి 2018లో ప్రచురించారు. అందులో 159 మంది మన దేశంలోనే పోయారు. సగటు వయసు 23 లోపే. అన్నిటికంటే ఎక్కువమందిని తీసుకుపోయింది నీళ్లే.

ఈ మాట వచ్చినప్పుడు తెలుగువాళ్లకు బియాస్ గుర్తు రాక మానదు. 2014 జూన్ 8 సాయంత్రం హిమాచల్‌ప్రదేశ్ మండీ జిల్లా థలౌట్ దగ్గర, హైదరాబాద్ వి.ఎన్.ఆర్. విజ్ఞాన జ్యోతి ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు ఫొటోల కోసం నదిలోని రాళ్ల మీదికి దిగారు. లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్లు ఒక్కసారిగా వచ్చి 24 మంది విద్యార్థులనూ వాళ్లతో ఉన్న టూర్ సహాయకుణ్నీ తీసుకుపోయాయి. ఆ పిల్లల్ని తప్పుపట్టడానికి ఈ సంగతి ఎత్తడం లేదు. హిమాచల్ హైకోర్టు 2016లో ఒక్కో విద్యార్థి కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం ఇమ్మంటూ విద్యుత్ బోర్డునూ కాలేజీనీ ప్రభుత్వాన్నీ బాధ్యుల్ని చేసింది. సరైన హెచ్చరిక లేకుండా నీళ్లు వదిలినవాళ్లదే పెద్ద తప్పు. అందులో నాకు అనుమానం లేదు. అయితే డ్యాముల నిర్వహణను మీ అబ్బాయి మార్చలేడు. డ్యాం దిగువన ఎండినట్టు కనిపించే నది, పైన ఎవరో గేటు ఎత్తేదాకానే అలా ఉంటుందని తెలుసుకుని ఒడ్డునే ఆగడం మాత్రం అతని చేతిలో ఉంది.

మీవారి భయం న్యాయమైనదే. కాని ఆ వయసు పిల్లలకు గట్టిగా కట్టడి పెడితే ప్రయాణాలు ఆగవు, ఇంట్లో చెప్పడం ఆగిపోతుంది. ఖూటాఘాట్ సంగతి ఇప్పటికే మీకు ఫోన్ చెప్పింది, పిల్లవాడు చెప్పలేదు. కట్టడికి బదులు మీవారినే అతనితో మాట్లాడమనండి. రైల్వే ఇంట్లో ఇది చెప్పడం సులువు: బండి నడిపేది లోకో పైలట్ అయినా చివరి పెట్టెలో ఉన్న గార్డు కూడా బ్రేకు వేసి ఆపగలడు. ముందు బండి ఆగుతుంది, కారణం తర్వాత అడుగుతారు. ఆరుగురూ బయల్దేరకముందే ఇలాంటి ఒప్పందం ఒకటి చేసుకోవాలి. పారే నీళ్లు, కొండ అంచు, రైలు పట్టాలు, తాగి బండి నడపడం – ఈ నాలుగింటి దగ్గర ఎవరు ‘వద్దు’ అన్నా అందరూ ఆగాలి. కారణం అడగకూడదు, తర్వాత ఎగతాళి చేయకూడదు. అమర్‌కంటక్‌కి పేండ్రా రోడ్ దాకా రైల్లోనే పోతారు కాబట్టి, ఘాట్ సెక్షన్‌లో తలుపు దగ్గర వేలాడితే ఏమవుతుందో మీవారికంటే బాగా చెప్పగలవాళ్లు ఎవరుంటారు? కపిలధార దగ్గర జలపాతం చూడటానికి మెట్లు ఉన్నాయి, చూడనివ్వండి. మెట్లు వదిలి తడి బండల మీదికి పోకుండా ఆపడానికి ఆ ఒప్పందం ఉండాలి.

ప్రశ్న: నేను కోనిలో గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయంలో చదువుతున్నాను. సొంతూరు శ్రీకాకుళం దగ్గర. పోయిన సెలవుల్లో లింక్ ఎక్స్‌ప్రెస్‌లో ఊరికి వెళ్తుంటే, మా వాళ్లు తలుపు దగ్గర మెట్ల మీద నిలబడి రీల్ తీద్దామన్నారు. నేను రానన్నాను. అప్పటినుంచి గ్రూపులో నన్ను ‘డర్‌పోక్’ (పిరికివాడు) అని ఏడిపిస్తున్నారు. తర్వాత ట్రిప్‌కి నన్ను పిలవలేదు కూడా. అన్నిటికీ భయపడితే స్నేహం ఎలా? వద్దన్నవాడు ఒంటరివాడే కదా?
– ఒక విద్యార్థి

జవాబు: నువ్వు చేసింది సరైన పని. రైల్వే చట్టం 156వ సెక్షన్ ప్రకారం సిబ్బంది వద్దన్నా వినకుండా మెట్ల మీద ప్రయాణించడం శిక్షార్హం, మూడు నెలల దాకా జైలు కూడా పడవచ్చు. కాని నీ బాధ చట్టం గురించి కాదు, ఒంటరితనం గురించి. ఆ బాధ నిజమైనదే. నీ మాట సరైనది కాబట్టి అందరూ మెచ్చుకుంటారని నీకు ఆశపెట్టను. 1950లలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వవేత్త గీతల పొడవు పోల్చి చెప్పమని మనుషుల్ని అడిగాడు. పక్కనున్న వాళ్లంతా ముందే కూడబలుక్కుని తప్పు చెప్పారు. కళ్లెదుట సరైన జవాబు కనిపిస్తున్నా, మూడింట ఒక వంతుకు పైగా సార్లు మనుషులు గుంపుతో పాటే తప్పు చెప్పారు. అయితే గుంపులో ఒక్కడు సరైన జవాబు చెప్పేలా చేస్తే ఆ తప్పులు నాలుగో వంతుకు పడిపోయాయి. నీ మీద నవ్వినవాళ్లలో మెట్ల దగ్గర కాళ్లు వణికినవాడు ఒకడైనా ఉంటాడు. వాడికి ఆ రోజు నీ గొంతు ఆసరా కావలసింది, కాని అప్పటికే ఫోన్లు బయటికి వచ్చేశాయి. తర్వాతిసారి బయల్దేరకముందే అలాంటి ఒక్కణ్ని విడిగా కలిసి మాట్లాడుకో. ఇద్దరు కలిసి ‘వద్దురా’ అంటే దాన్ని పిరికితనం అని కొట్టిపారేయడం కష్టం.

ఇంకో మాట. ‘నేను రాను’ అంటే నువ్వొక్కడివే బతికావు. ‘మనం వద్దు’ అనాల్సింది. ఈ రెండింటికీ తేడా ఉంది. మొదటిది నీ ఇష్టాయిష్టాల మాట, మిగతావాళ్లు పట్టించుకోనక్కర్లేదు. రెండోది అందరి తరఫున మాట. అది చెప్పడం కష్టమేగాని, చెప్పులు విప్పకముందే, తలుపు తీయకముందే చెబితే సగం సులువవుతుంది. అనకాపల్లి జిల్లా పూడిమడక తీరంలో 2022 జులై 29న పరీక్ష రాసి సరదాగా వెళ్లిన ఇంజనీరింగ్ విద్యార్థుల్లో ఆరుగురు సముద్రంలో పోయారు. అంతకు గంట ముందు వాళ్లూ నీలాంటి మామూలు పిల్లలే, ఎవరూ చావుకు తెగించి వెళ్లినవాళ్లు కాదు.

‘అలాగైతే సాహసమే వద్దంటారా, గుంపులో ఒక పిరికివాడుంటే అందరూ ఇంట్లో కూర్చోవాలా’ అని నీ స్నేహితులు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. బియాస్ దుర్ఘటనకు సరిగ్గా రెండు వారాల ముందు, 2014 మే 25న, తెలంగాణ గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. తోడుగా ఆనంద్ కుమార్ ఉన్నాడు. ఆ ఇద్దరూ భువనగిరి గుట్ట మీద, ఆ తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ పొంది వెళ్లినవాళ్లు. సాహసం అంటే అది. పర్వతారోహకులకు వెనుదిరిగే సమయం అని ఒకటి ముందే ఉంటుంది. శిఖరం కళ్లెదుట కనిపిస్తున్నా ఆ వేళకి వెనక్కి రావాలి. 1996 మే నెలలో ఎవరెస్టు మీద చాలామంది ఆ వేళ దాటాకా పైకే పోయారు. తుఫాను ముంచుకొచ్చి ఎనిమిది మంది చనిపోయారు. ఎక్కడ ఆగాలో ముందే రాసిపెట్టుకోవడం సాహసికుల అలవాటు, పిరికివాళ్లు కనిపెట్టింది కాదు. ఇక ఎవరి ‘వద్దు’తోనో ప్రయాణమంతా చెడుతుందన్న భయానికి ఆధారం లేదు. ఎక్కడ తినాలి, ఏ గుడికి పోవాలి అన్నవాటికి, పై జవాబులో చెప్పిన ‘ఎవరు వద్దన్నా అందరూ ఆగాలి’ అన్న నియమం వర్తించదు. వర్తించేది ఆ నాలుగు చోట్లే. ఆగినందుకు పోయేది ఒక వీడియో. ‘మరి అక్కడివాళ్లు దిగుతున్నారు కదా’ అంటారేమో. ఊరివాళ్లకు ఏ బండ జారుతుందో, నీళ్లు ఎప్పుడు పెరుగుతాయో ఏళ్లుగా తెలుసు. ఆ తెలివి మొదటిసారి వచ్చినవాడికి గంటలో రాదు.

నిన్ను పిలవని గ్రూపు సంగతి: కొన్నాళ్లు ఆగి నువ్వే ఒక ప్రయాణం పెట్టు. స్థలం, బస, తిరుగుప్రయాణం అన్నీ నువ్వే చూడు. ప్రయాణం నడిపేవాడు పెట్టిన నియమాన్ని గుంపు తేలిగ్గా ఒప్పుకుంటుంది. అప్పటికీ నవ్వేవాళ్లు ఉంటే వాళ్లతో క్యాంటీన్‌లో టీ తాగు, ప్రయాణం మాత్రం చేయకు.

ప్రశ్న: కళ్లెదుట స్నేహితుడు నీళ్లలో కొట్టుకుపోతుంటే దూకకుండా నిలబడటం ద్రోహం కాదా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: కాదు. మునుగుతున్నవాడు ఊపిరి కోసం అందిన మనిషిని ఎక్కి తొక్కుతాడు. అది అతని తప్పు కాదు, శరీరం చేసే పని. దూకినవాళ్లు కూడా పోయి ఒకే గుంపులో ఇద్దరు ముగ్గురు చనిపోయే ఘటనలకు ఇదీ ఒక కారణం. ఒడ్డున పడుకుని కర్రో చున్నీయో లుంగీయో అందించండి. అది చాలకపోతే మూత బిగించిన ఖాళీ క్యాన్, సగం గాలి నింపిన బ్యాగు లాంటి తేలేది ఏదైనా విసరండి. వెల్లకిలా తిరిగి కాళ్లు దిగువకు పెట్టి తేలమని అరిచి చెప్పండి. నలుగురూ ఉన్నచోట ఎవరో ఒకరు ఫోన్ చేస్తారులే అనుకోవడం మామూలే. 1968లో డార్లీ, లతానే చేసిన ప్రయోగంలో ఆపదను తనొక్కడే విన్నానని నమ్మినవాళ్లలో 85 శాతం మంది సాయానికి కదిలారు, ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకున్నవాళ్లలో 31 శాతమే కదిలారు. అందుకని ‘ఎవరైనా ఫోన్ చేయండి’ అని కేకలు పెట్టకండి. పేరు పెట్టి పిలిచి, నువ్వు 112కి చేయి అనండి. ఇంకొకరిని, నువ్వు అతని మీంచి చూపు తిప్పకు అనండి. బయటికి తీశాక పొట్ట నొక్కి నీళ్లు కక్కించాలని చూడవద్దు. ఊపిరి లేకపోతే వెంటనే నోటితో శ్వాస అందించి, ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కడం మొదలుపెట్టి, అంబులెన్స్ వచ్చేదాకా ఆపకండి. అలసిపోతే పక్కవాడు అందుకోవాలి.