గేమింగ్ కంప్యూటర్ అడుగుతున్నారా? ముందు వాళ్ల జాబితా దిద్దండి



పరీక్షలు అయిపోగానే చాలా ఇళ్లలో వినిపించే మాట: "నాన్నా, గేమింగ్ పీసీ కొందామా?" 8, 9 తరగతుల పిల్లలు ఊరికే అడగడం లేదు. యూట్యూబ్‌లో వీడియోలు చూసి, ఒక్కో పార్టు పేరు, ధర కాగితం మీద రాసుకుని మరీ అడుగుతున్నారు. "చదువు మానేసి ఆటలా?" అని ఆ కాగితం పక్కన పడేసేవాళ్లు కొందరు. "ఏం కావాలో నువ్వే చూసుకో" అని డబ్బులు ఇచ్చేసేవాళ్లు కొందరు. రెండు చోట్లా ఆ కాగితాన్ని చదివినవాళ్లు లేరు.

కొనాలా వద్దా అన్నది మీ ఇంటి నిర్ణయం. టీచరుగా నేను చెప్పదలచింది ఒక్కటే. ఆ కాగితాన్ని జవాబుపత్రం అనుకుని దిద్దండి. ప్రతి వస్తువు పక్కన "ఎందుకు?" అని ఒక గడి గీసి, కారణం పిల్లల చేతే రాయించండి. కారణం రాయలేని వస్తువుకు మార్కులూ లేవు, డబ్బులూ లేవు. ఇందుకు మీకు కంప్యూటర్ల గురించి అంతా తెలియాల్సిన పని లేదు. ప్రశ్నలు ఏ వరుసలో అడగాలో తెలిస్తే చాలు.

1. ఏ ఆట? ఏ మానిటర్?

పిల్లల జాబితాలు సాధారణంగా గ్రాఫిక్స్ కార్డుతో మొదలవుతాయి. నిజానికి ఆడబోయే ఆటల పేర్లతో మొదలవ్వాలి. మైన్‌క్రాఫ్ట్, వాలరెంట్ లాంటివి సాధారణ కంప్యూటర్‌లో కూడా బాగానే నడుస్తాయి. సైబర్‌పంక్ 2077 లాంటి వాటికి ఖరీదైన కార్డు కావాలి. పేర్లు రాయించినప్పుడే ప్రతి ఆటకూ వయసు రేటింగ్ చూడండి. యూరప్‌లో వాడే పెగీ రేటింగ్ ప్రకారం సైబర్‌పంక్ 2077, జీటీఏ 5 రెండూ 18 ఏళ్లు నిండినవారికే. ఆ రెండూ కొట్టేస్తే జాబితా ఖర్చు కూడా చాలావరకు తగ్గిపోవచ్చు.

తర్వాతి ప్రశ్న మానిటర్. ఇక్కడ చిన్న లెక్క చేయించండి. ఫుల్ హెచ్‌డీ తెరలో 1920 × 1080, అంటే దాదాపు 20.7 లక్షల చుక్కలు. 2560 × 1440 తెరలో దాదాపు 36.9 లక్షలు. 4కే తెరలో 3840 × 2160, అంటే దాదాపు 83 లక్షలు, ఫుల్ హెచ్‌డీకి సరిగ్గా నాలుగు రెట్లు. ఈ చుక్కలన్నిటికీ రంగు లెక్కగట్టే పని గ్రాఫిక్స్ కార్డుదే. ఎంత చెట్టుకు అంత గాలి అన్నట్టు, తెర పెరిగేకొద్దీ కార్డు ఖర్చు పెరుగుతుంది. మొదటి కంప్యూటర్‌కు ఫుల్ హెచ్‌డీ చాలు.

మానిటర్ మీద రాసే హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుతుందో ఆ సంఖ్య. 60 హెర్ట్జ్ తెరలో ఒక్కో బొమ్మ 16.7 మిల్లీసెకన్లు ఉంటుంది, 144 హెర్ట్జ్ తెరలో 6.9 మిల్లీసెకన్లు. సెకనుకు 120 బొమ్మలు తయారుచేసే కార్డు కొని 60 హెర్ట్జ్ మానిటర్ తగిలిస్తే, సగం కష్టం కంటికి కనిపించనే కనిపించదు.

2. పేరు చూసి మోసపోవద్దు

"ఐ7 అంటే గొప్పది, ఐ3 అంటే తక్కువది" అని మనలో చాలామంది అనుకుంటాం. తక్కువ ధరకే ఐ7 సిస్టం అంటూ దుకాణాల్లో దొరికే పాత సెట్లు ఈ నమ్మకం మీదే అమ్ముడుపోతాయి. ఇంటెల్ ఐ7-3770 వచ్చింది 2012లో. ఐ3-12100 వచ్చింది 2022లో. రెండింటికీ 4 కోర్లే, కానీ కొత్త ఐ3 ఆ పాత ఐ7 కన్నా స్పష్టంగా వేగవంతం. పైగా విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్‌తో ముగిసింది. విండోస్ 11ను ఆ పాత ఐ7 మీద మైక్రోసాఫ్ట్ అధికారికంగా అనుమతించదు. కాబట్టి "ఐ ఎంత?" అని కాదు, "ఏ జనరేషన్?" అని అడగండి.

చివరి అక్షరం కూడా చదవండి. ఇంటెల్ పేరు చివర ఎఫ్ ఉంటే (ఉదాహరణకు ఐ5-12400ఎఫ్) అందులో సొంత గ్రాఫిక్స్ ఉండదు. విడిగా కార్డు పెట్టనిదే తెర మీద ఏమీ రాదు. ఏఎండీ రైజెన్ 5 5600జీ లాంటి వాటిలో గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. ఒకేసారి అంత ఖర్చు పెట్టలేని కుటుంబానికి ఇది మంచి దారి. ఇప్పుడు కార్డు లేకుండా కొని, చిన్న ఆటలతో సరిపెట్టుకుని, వచ్చే ఏడాది అవసరమైతే కార్డు చేర్చుకోవచ్చు.

గ్రాఫిక్స్ కార్డుల్లోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఆర్‌టీఎక్స్ 3050 అన్న ఒకే పేరుతో 8 జీబీ కార్డు, 6 జీబీ కార్డు ఉన్నాయి. తేడా 2 జీబీ మెమరీ ఒక్కటే కాదు, 6 జీబీ దాని వేగమూ తక్కువే. బిల్లు మీద పూర్తి పేరు, మెమరీ రెండూ ఉండాలి.

3. ఒకదానికొకటి పొసగుతాయా?

జాబితాలో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. ప్రాసెసర్ కూర్చునే చోటును సాకెట్ అంటారు. రైజెన్ 5000 వరుస ఏఎం4 సాకెట్‌లో, 7000 వరుస ఏఎం5 సాకెట్‌లో కూర్చుంటాయి. ఒకదానిది ఇంకోదానిలో పట్టదు. ఏఎం4 బోర్డులు డీడీఆర్4 ర్యామ్ తీసుకుంటాయి, ఏఎం5 బోర్డులు డీడీఆర్5 మాత్రమే. ఈ రెండు ర్యామ్‌ల గాడి వేర్వేరు చోట్ల ఉంటుంది, బలవంతంగా నొక్కినా దిగవు.

ర్యామ్‌ను ఒకే 16 జీబీ స్టిక్‌గా కాక రెండు 8 జీబీ స్టిక్‌లుగా తీసుకుంటే ప్రాసెసర్‌కు రెండు దారుల్లో సమాచారం అందుతుంది. చాలా ఆటల్లో ఆ తేడా తెలుస్తుంది. ఎస్‌ఎస్‌డీ విషయంలో పిల్లలకు ఒక అపోహ ఉంటుంది. దాని వల్ల ఆట త్వరగా తెరుచుకుంటుంది కానీ, సెకనుకు వచ్చే బొమ్మల సంఖ్య దాదాపు మారదు. ఎస్‌ఎస్‌డీ తప్పకుండా కావాలి. అన్నిటికన్నా ఖరీదైనదే కావాలనేం లేదు.

4. కంటికి కనిపించనివి: ఎస్ఎంపీఎస్, యూపీఎస్

గోడ ప్లగ్గులో వచ్చే 230 వోల్టుల ఏసీ కరెంటును 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చి అన్ని భాగాలకూ పంచేది ఎస్ఎంపీఎస్. మీ పిల్లలు 10వ తరగతిలో చదివే విద్యుత్ పాఠం ఇక్కడ పనికొస్తుంది. క్యాబినెట్ బయట రంగురంగుల లైట్లు, లోపల పేరు తెలియని ఎస్ఎంపీఎస్! పైన పటారం, లోన లొటారం. అది పాడైతే ఒక్కటే పోదు, బోర్డునూ కార్డునూ కూడా తీసుకుపోవచ్చు. వేలకు వేలు పోసి కార్డు కొని, ఎస్ఎంపీఎస్ దగ్గర వెయ్యి రూపాయలు మిగుల్చుకోవడం పొదుపు కాదు.

ఎంత కావాలో లెక్క చేయించండి. ఆర్‌టీఎక్స్ 4060 కార్డు 115 వాట్లు, రైజెన్ 5 5600 ప్రాసెసర్ 65 వాట్లు, మిగతావన్నీ కలిపి 60 అనుకుంటే మొత్తం 240 వాట్లు. అప్పుడప్పుడు వాడకం ఒక్కసారిగా పెరుగుతుంది, కాబట్టి కొంత వెసులుబాటు ఉండాలి. ఈ కార్డుకు తయారీ సంస్థ సూచించేది 550 వాట్ల ఎస్ఎంపీఎస్. "1000 వాట్లు కావాలి" అని రాస్తే కారణం అడగండి. 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అన్న ముద్రలు ఎంత కరెంటు వేడిగా వృథా అవుతుందో చెప్పేవి. 85 శాతం సామర్థ్యం ఉంటే, 240 వాట్లు ఇవ్వడానికి గోడ నుంచి 282 వాట్లు లాగుతుంది.

మానిటర్‌తో కలిపి 300 వాట్లు అనుకోండి. రోజుకు 2 గంటలు ఆడితే 0.6 యూనిట్, నెలకు 18 యూనిట్లు. మీ కరెంటు బిల్లు ముందు పెట్టి, ఇది ఏ శ్లాబులోకి నెడుతుందో పిల్లలనే చెప్పమనండి.

మన దగ్గర కరెంటు కోతలు, వోల్టేజీ హెచ్చుతగ్గులు మామూలే కాబట్టి యూపీఎస్‌ను అదనపు వస్తువు అనుకోవద్దు. మార్కెట్లో దొరికే 600 వీఏ యూపీఎస్‌లు సాధారణంగా 360 వాట్ల వరకే మోస్తాయి. ఆట కొనసాగించడానికి కాదు, సేవ్ చేసి కంప్యూటర్ ఆపడానికి ఆ కొద్ది నిమిషాలు. ప్లగ్గుకు సరైన ఎర్తింగ్ ఉందో లేదో కూడా ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

5. క్యాబినెట్, మౌస్, హెడ్‌ఫోన్లు

మన ఎండాకాలంలో గది వేడి 35 డిగ్రీలు దాటితే కంప్యూటర్ లోపల ఇంకా ఎక్కువ. వేడెక్కిన ప్రాసెసర్ తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అందుకే ముందు భాగం మొత్తం అద్దంతో మూసి ఉన్న క్యాబినెట్ కన్నా, గాలి ఆడే జాలీ ఉన్నది మేలు. లైట్ల వల్ల వేగం ఏమీ పెరగదు.

మౌస్ డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే డీపీఐ సంఖ్య చూసి కొనొద్దు. పిల్లల అరచేతికి సరిపోతుందో లేదో పట్టి చూపించి కొనండి. మెకానికల్ కీబోర్డు టకటక మంటుంది, రాత్రిపూట ఇంట్లో అందరికీ వినిపిస్తుంది. హెడ్‌ఫోన్ల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లలకు సూచించే హద్దు 75 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. శబ్దం పెరిగితే ఆ గంటలు వేగంగా తగ్గిపోతాయి. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడమనండి, కళ్లకు కాస్త విశ్రాంతి.

6. తప్పులు పట్టండి

పిల్లలతో కలిసి కూర్చుని ఈ జాబితా దిద్దండి. జవాబులు కింద ఉన్నాయి, ముందే చూడొద్దు.

- ప్రాసెసర్: రైజెన్ 5 7600
- బోర్డు: బీ450 (ఏఎం4)
- ర్యామ్: డీడీఆర్5, 16 జీబీ, ఒకే స్టిక్
- కార్డు: ఆర్‌టీఎక్స్ 4060
- ఎస్ఎంపీఎస్: క్యాబినెట్‌తో పాటు ఉచితం
- మానిటర్: ఫుల్ హెచ్‌డీ, 60 హెర్ట్జ్
- రంగు లైట్ల ఫ్యాన్లు: 6

జవాబులు: ప్రాసెసర్ ఏఎం5ది, బోర్డు ఏఎం4ది, పొసగవు. అదే బోర్డులో డీడీఆర్5 ర్యామ్ కూడా పట్టదు. ర్యామ్ రెండు స్టిక్‌లుగా ఉండాల్సింది. ఉచిత ఎస్ఎంపీఎస్‌ను నమ్మి అంత కార్డు పెట్టకూడదు. కార్డు శక్తికి 60 హెర్ట్జ్ మానిటర్ తక్కువ. ఆ ఫ్యాన్ల డబ్బు మంచి మానిటర్‌కు పోవచ్చు. ఇక అసలు రాయనివి రెండు: ఎస్‌ఎస్‌డీ, యూపీఎస్. ఉన్న తప్పులు పట్టినవారికి సగం మార్కులు, లేనివి గుర్తించినవారికి పూర్తి మార్కులు.

7. దుకాణంలో

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లినా, మీ ఊళ్లోని దుకాణానికి వెళ్లినా పిల్లలను వెంట తీసుకెళ్లండి. ఆన్‌లైన్ ధర ముందే చూసుకోండి, ఒకటికి రెండు చోట్ల అడగండి. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం" అంటే ఒప్పుకోవద్దు. జీఎస్టీ బిల్లు, దాని మీద ప్రతి భాగం సీరియల్ నంబరు ఉంటేనే రేపు వారంటీ అడగగలరు. అసెంబుల్డ్ సిస్టంలో ఒక్కో భాగానికి వారంటీ వేర్వేరుగా ఉంటుంది. డబ్బాలన్నీ ఇంటికి తెచ్చుకోండి. విండోస్ లైసెన్స్ ఉన్నదా, ఊరికే వేసి ఇస్తున్నారా అని అడగండి. దొంగ కాపీ వాడకూడదని పిల్లలు మీ దగ్గరే నేర్చుకోవాలి.

ఈ నెల ఇంటి పని

ఒక కాగితం మీద నాలుగు గడులు గీయండి: వస్తువు, ధర, ఎందుకు, లేకపోతే ఏమవుతుంది. పిల్లలకు వారం రోజులు గడువివ్వండి. తర్వాత ఇద్దరూ కూర్చుని దిద్దండి. కొన్ని వస్తువులు వాళ్లంతట వాళ్లే కొట్టేస్తారు. కొన్నిటికి మీరు ఊహించని మంచి కారణం చెబుతారు. చివరికి "ఈ ఏడాది వద్దు" అని మీరు చెప్పాల్సి వచ్చినా, ఎందుకో ఆ కాగితమే చెబుతుంది. తాను రాసింది పెద్దవాళ్లు చివరిదాకా చదివారని తెలిసిన పిల్లవాడు, రేపు ఇంతకన్నా పెద్ద నిర్ణయం ఎదురైనప్పుడు కూడా ముందు మీ దగ్గరకే వస్తాడు.

— భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని, హైస్కూల్ విభాగం