మలేషియాలోని హిందూ దేవాలయములు: పూర్వచరిత్రయు, నేటి స్థితియు

సముద్రము దాటి మలయా తోటలకు వచ్చిన తెలుగువారు తమ వెంట తెచ్చుకొనిన సొత్తు మిక్కిలి స్వల్పము. అయినను తమ ఊరి దేవుని పేరును మాత్రము వారు వెనుక విడిచి రాలేదు. అప్పలస్వామి, అప్పలనరసమ్మ, సింహాచలము, సూర్యనారాయణ అను పేర్లు వారి కుటుంబములలో తరతరములుగా నిలిచినవి. ఈ పేర్లలో సింహాచల క్షేత్రమునందలి అప్పన్నయు, అరసవిల్లి సూర్యనారాయణస్వామియు ఉన్నారు. పేరులో దేవుని నిలుపుకొనిన వారు తాము పనిచేసిన చోట గుడి కట్టుకొనుట సహజమే.

మలేషియా ముస్లిములు అధికసంఖ్యాకులుగా గల దేశము. 2020 జనాభా లెక్కల ప్రకారము ప్రజలలో 63.5 శాతము ముస్లిములు, 6.1 శాతము హిందువులు. ఇట్టి దేశములో ఇన్ని హిందూ దేవాలయములు ఎట్లు వెలసినవి? వాటిలో కొన్ని స్థిరముగా నిలువగా, మరికొన్ని స్థానము మారవలసివచ్చుటకు కారణమేమి? ఈ విషయములను యువతీయువకులు తెలిసికొనుట అవసరము.

1. ప్రాచీన కాలము: కడారము

కెడా రాష్ట్రములో గునుంగ్ జెరాయ్ అను పర్వతము కలదు. దాని దిగువనున్న బుజాంగ్ లోయలో హిందూ, బౌద్ధ ఆలయముల శిథిలములు అనేకము బయల్పడినవి. మలయా భాషలో ఇట్టి పురాతన ఆలయమును ‘చండి’ అందురు. వీటిలో ప్రసిద్ధమైనది చండి బుకిత్ బాతు పహాత్. క్వారిచ్ వేల్స్ అను ఆంగ్ల పరిశోధకుడు 1936–37లో దీనిని త్రవ్వించెను. 1960 నాటికి రాళ్ళను యథాస్థానములో పేర్చి ఆలయపు అడుగుభాగమును తిరిగి నిలిపిరి. గర్భగృహపు రాతిగోడలును, ముందరి మండపమున స్తంభములను నిలుపుటకు వేసిన రాతిపీఠములును నేటికిని చూడవచ్చును. ఆ స్తంభములు కొయ్యవగుటచే కాలగర్భమున కలిసిపోయినవి.

తమిళ శాసనములలోని కడారము ఈ ప్రాంతమే. రాజేంద్రచోళుడు 1025లో నౌకాసైన్యమును పంపి దీనిని జయించెను. ఆ రాజేంద్రుని కుమార్తె అమ్మంగదేవిని వివాహమాడినవాడు, ఆదికవి నన్నయకు ఆశ్రయమిచ్చిన వేంగీ ప్రభువు రాజరాజనరేంద్రుడు. వారి కుమారుడే కులోత్తుంగచోళుడు. కడారపు రాజు దూతల ద్వారా కోరగా, నాగపట్టణమందలి బౌద్ధ విహారమునకు చెందిన గ్రామములకు కులోత్తుంగుడు 1090లో పన్నులు తొలగించెను. కావున తెలుగుగడ్డకును ఈ తీరమునకును గల పరిచయము రబ్బరు తోటలకంటె సుమారు ఎనిమిదివందల ఏండ్లు పూర్వపుది.

అయితే ఈ లోయలోనే 2013లో విచారకరమైన సంగతి వెల్లడియైనది. ‘పదునొకండవ చండి’ అని లెక్కింపబడిన ఆలయపు శిథిలము భూమి చదును చేయు పనిలో నేలమట్టమైనది. అది ప్రైవేటు యాజమాన్యములోనున్న భూమి. శతాబ్దముల ప్రాచీనత కూడ దానిని కాపాడలేకపోయినది. ఈ సంగతిని గుర్తుంచుకొనిన, తరువాతి విషయములు సులభముగా బోధపడును.

2. రేవు పట్టణముల ఆలయములు

మలక్కాలోని శ్రీ పొయ్యాత వినాయగ మూర్తి ఆలయము 1781లో, డచ్చివారి కాలములో, వెలసినది. డచ్చి ప్రభుత్వము చిట్టి వర్తకుల పెద్దకు ఇచ్చిన స్థలములో ఇది నిర్మింపబడినది. దీనికి సమీపముననే 1748 నాటి కంపుంగ్ క్లింగ్ మసీదును, అంతకంటె పాతదైన చీనీయుల చెంగ్ హూన్ తెంగ్ ఆలయమును కలవు. ‘క్లింగ్’ అను మాట కళింగమునుండి వచ్చినదని పండితుల అభిప్రాయము. కళింగదేశపు దక్షిణభాగమునుండి వచ్చిన కుటుంబములవారు ఈ వీధిలో నడచునపుడు ఆ మాటను తలచుకొనదగును.

పినాంగులో క్వీన్ వీధియందలి శ్రీ మహామారియమ్మన్ ఆలయము 1833 నాటిది. మలక్కా, జార్జిటౌను పట్టణములు రెండును 2008లో ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేరినవి. ఈ రెండు ఆలయములును ఆ పరిధిలోనివే.

కౌలాలంపూరులో 1873లో తంబుసామి పిళ్ళె స్థాపించిన శ్రీ మహామారియమ్మన్ ఆలయము 1885లో నేటి స్థలమునకు మారినది. మొదట అది ఒక కుటుంబమువారి ఆలయము; 1920వ దశకము చివర సర్వజనులకు తెరువబడినది. ఈ ఆలయముల వెనుక వర్తకులు, గుత్తేదారులు, చదువుకొనిన పెద్దలు ఉండిరి. దేవుని ప్రతిష్ఠించుటతోపాటు స్థలముపై హక్కును సంపాదించు శక్తియు వారికి ఉండెను.

3. యాత్రాస్థలములు

కౌలాలంపూరునకు ఉత్తరమున సుమారు 13 కిలోమీటర్ల దూరములో సున్నపురాతి కొండలోనున్న బాతు గుహలు ఈ దేశమున హిందువులకు ప్రధాన యాత్రాస్థలము. తంబుసామి పిళ్ళెయే 1891లో ఇచట సుబ్రహ్మణ్యస్వామిని ప్రతిష్ఠింపజేసెను. మరుసటి ఏడునుండి తైపూసము జరుగుచున్నది. 1920లో కొయ్యమెట్లు ఏర్పడగా, తరువాత వాటి స్థానమున కాంక్రీటు మెట్లు కట్టిరి. మెట్ల సంఖ్య 272. ముందుభాగమున నిలిచిన 42.7 మీటర్ల మురుగన్ విగ్రహము 2006 జనవరిలో ఆవిష్కృతమైనది. ఆ కొండవద్దనే హనుమంతుని ఆలయమును, రామాయణ గాథలను బొమ్మలలో చూపు రామాయణ గుహయును కలవు.

ఆంధ్రదేశమున సుబ్రహ్మణ్య షష్ఠిని మార్గశిరములో జరుపుదురు. తైపూసమును, కావడిని తెలుగువారు ఈ దేశములో తమిళ సోదరుల సాహచర్యమున తమవిగా చేసికొనిరి.

పహాంగ్ రాష్ట్రములోని మారాన్ వద్ద మరత్తాండవర్ ఆలయము కలదు. రహదారి వేయు కాలమున అచటి చెట్టును నరుకబోగా నెత్తురు స్రవించినదని, అందుచే బాటను ప్రక్కకు మరల్చి ఆ చెట్టును విడిచిపెట్టిరని స్థలపురాణము. పంగుణి ఉత్తిరమునాడు అచటికి యాత్రికులు వేలకొలది పోవుదురు. బాట వేసిన కూలీలే భక్తులైన ఈ కథలో తోటలలో పనిచేసినవారి మనస్సు కనిపించును.

4. ఎస్టేటు గుళ్ళు

దేశములో సంఖ్యచే అధికమైనవి ఎస్టేటు గుళ్ళు. ఒప్పందపు కూలీ పద్ధతి 1910లో రద్దు కాగా, కంగాణీల ద్వారా కూలీలను రప్పించుట 1938 వరకు సాగినది. లైను ఇళ్ళకు చేరువగా, చెట్టు నీడలో, మొదట ఒక రాయియో శూలమో నిలిచెను. తరువాత రేకుల కప్పు, ఆపై ఇటుక గోడ. మారియమ్మ గుడి దాదాపు ప్రతి తోటలోను ఉండెను. తెలుగు కుటుంబములు అధికముగా నున్న దిగువ పేరాక్ లోని బాగాన్ దాతోవంటి ప్రాంతములలో రామమందిరములు, భజన మందిరములు కూడ వెలసినవి. అచట శ్రీరామనవమియే పెద్దపండుగ. పగలు పాలు తీసిన చేతులు రాత్రి తాళములు పట్టినవి. బడిలో తెలుగు నేర్వని పిల్లలు సైతము భజనపాటల ద్వారా తెలుగు పలికిరి.

ఈ గుళ్ళకు స్థలమిచ్చినవాడు తోట దొర. ఆ ఇచ్చుట నోటిమాటతోనే జరిగెను. కూలీలు గుడి చుట్టును ఉండి పనిచేయుట తోటకును లాభమే గనుక ఎవరును అడ్డు చెప్పలేదు. కాగితము వ్రాయవలెనని ఎవరికిని తోచలేదు. 1950వ దశకమునుండి పెద్ద తోటలు ముక్కలుగా అమ్ముడుపోజొచ్చెను. తరువాతి దశకములలో అనేక తోటలు ఇండ్ల స్థలములుగా, పరిశ్రమలుగా మారినవి. కూలీలు పట్టణములకు తరలిరి. గుడి మాత్రము క్రొత్త యజమాని భూమిలో ఒంటరిగా మిగిలెను.

5. చట్టము ఏమి చెప్పుచున్నది

1957 నాటి రాజ్యాంగపు 3వ అధికరణము ఇస్లామును సమాఖ్య మతముగా పేర్కొనుచు, ఇతర మతములను శాంతి సామరస్యములతో ఆచరింపవచ్చునని చెప్పుచున్నది. 11వ అధికరణము ప్రతి మతవర్గమునకును తన మతవ్యవహారములను నిర్వహించుకొనుటకు, ధార్మిక సంస్థలను స్థాపించుటకు, చట్టానుసారముగా ఆస్తిని సంపాదించి కలిగియుండుటకు హక్కు ఇచ్చుచున్నది. కావున పూజించు హక్కునకు రాజ్యాంగపు రక్షణ కలదు.

అయితే భూమి వ్యవహారము రాష్ట్ర ప్రభుత్వముల చేతిలోనిది. దానిని 1965 నాటి జాతీయ భూమి చట్టము నడపుచున్నది. ఆ చట్టములోని 48వ సెక్షను ప్రకారము ప్రభుత్వ భూమిని ఎంతకాలము ఆక్రమించి అనుభవించినను దానిపై హక్కు కలుగదు. 341వ సెక్షను ప్రకారము పట్టాదారుని భూమిని ఇతరులు చిరకాలము అనుభవించినను అతని హక్కు చెడదు. అనగా, నూరేండ్లు దీపము వెలిగిన గుడియైనను ఆ నూరేండ్ల కారణముగా స్థలము గుడిది కాజాలదు. దేవాలయ వివాదములలో పెక్కింటికి మూలము ఇచటనే కలదు. వీటిని కేవలము రెండు మతముల తగవుగా చూచుట పొరపాటు.

6. ఇటీవలి రెండు ఉదాహరణములు

సుబాంగ్ జయలో పూర్వపు సీఫీల్డ్ ఎస్టేటునకు చెందిన మారియమ్మ ఆలయమును తరలించు విషయమై వివాదము చాలకాలము న్యాయస్థానములో నడచెను. 2018 నవంబరులో అది అల్లరులకు దారితీసెను. ఆ సమయమున విధినిర్వహణకై వచ్చిన ముస్లిము యువకుడైన అగ్నిమాపక ఉద్యోగి ఒకడు గాయపడి, మరుసటి నెలలో మరణించెను. ఆ కుటుంబపు దుఃఖము తీరునది కాదు. స్థలపు తగవు సకాలములో తీరకున్న ఎంతటి అనర్థము సంభవించునో ఇది తెలుపుచున్నది.

రెండవది కౌలాలంపూరు మస్జిద్ ఇండియా వీధి ప్రాంతమందలి దేవి శ్రీ పత్రకాళియమ్మన్ ఆలయము. ఇది నూట ముప్పది ఏండ్లు దాటినదని ప్రతీతి. నగరపాలక సంస్థ ఆ స్థలమును 2014లో ఒక ప్రైవేటు సంస్థకు విక్రయించెను. ఆ సంస్థ అచట మసీదు కట్టదలచెను. 2025 మార్చిలో ఉభయపక్షములును అంగీకారమునకు వచ్చి, సుమారు 50 మీటర్ల దూరములోని వేరు స్థలమునకు ఆలయమును మార్చుటకు నిశ్చయించిరి. మాట్లాడుకొనుట వలన అల్లరి లేకుండ తగవు తీరినది. కాని గుడి కదలక తప్పలేదు.

7. చేయదగిన కార్యములు

ప్రతి ఆలయ కార్యవర్గమును మొదట విచారింపవలసినది ఒక్కటే: గుడి ఎవరి భూమిలో నున్నది? జిల్లా భూమి కార్యాలయములో రుసుము చెల్లించి ఎవరైనను పట్టా వివరములను శోధింపవచ్చును. భూమి ప్రభుత్వమునిదైనచో, 62వ సెక్షను క్రింద దానిని ఆలయమునకై ప్రత్యేకించుమని రాష్ట్ర ప్రభుత్వమును అర్థింపవచ్చును. తోట కంపెనీదైనచో, అమ్మకపు మాట పుట్టకముందే వ్రాతపూర్వకముగా సంప్రదింపవలెను. ధర్మకర్తల మండలిని 1952 నాటి చట్టము క్రింద నమోదు చేయించినచో, పెద్దలు గతించినను ఆస్తి మండలి పేరుననే నిలుచును. ఈ పనులన్నిటికిని న్యాయవాది సలహా అవసరము.

దీనితోపాటు ప్రతిష్ఠ జరిగిన సంవత్సరము, పూర్వపు పూజారుల పేర్లు, పాత ఛాయాచిత్రములు, ఉత్సవ ఆహ్వానపత్రికలు, తోట దొరలు వ్రాసిన ఉత్తరములు సేకరించి భద్రపరచవలెను. పాలు తీసిన తరమువారిలో జీవించియున్నవారు నేడు కొలదిమందియే. వారికి జ్ఞాపకమున్నది వారితోనే పోకుండ ఇప్పుడే వ్రాసికొనుట కర్తవ్యము.

గుడి కట్టిన కూలీలకు చదువు లేదు. పట్టా అడుగు ధైర్యము లేదు. అయినను తమ కూలిలోనుండి సెంట్లు కూడబెట్టి దేవునికి ఇల్లు కట్టిరి. వారి మనుమలకు చదువు కలదు, ఓటు కలదు, చట్టము తెలిసికొను అవకాశము కలదు. పూర్వులు కట్టిన గుడికి భూమి కాగితము సంపాదించుట ఈ తరమువారి వంతు కైంకర్యము.