మేకప్ మరకకు నీళ్లు ఆఖర్న

పెళ్లికి వెళ్లొచ్చాక చూసుకుంటే భుజం మీద ఎవరిదో ఫౌండేషన్, జాకెట్టు మెడ చుట్టూ పౌడరు, చంటిపిల్ల గౌను మీద మేనత్తగారి లిప్‌స్టిక్. చెయ్యి ముందు కొళాయి వైపే వెళ్తుంది. ఆగండి. లిప్‌స్టిక్ అంటే మైనం, నూనె, వాటిలో కలిపిన రంగు. ఫౌండేషన్లలో చాలావాటికి నూనో సిలికానో ఆధారం. ఇంట్లో పట్టిన కాటుకైతే మసి, దానికి తోడు ఆముదమో నెయ్యో. ఇవేవీ వట్టి నీళ్లకు లొంగవు. వేడినీళ్లు పోశారంటే మైనం కరిగి నేతలోకి ఇంకా దిగుతుంది. అందుకే ముందు జిడ్డు సంగతి, తర్వాత రంగు సంగతి, ఉతుకు చివర్న.

కాటన్, పాలియెస్టర్ బట్టలకు ఇంట్లో వైద్యం చాలు. చెంచా, టాల్కం పౌడరు లేదా కార్న్‌ఫ్లోర్, గిన్నెలు తోమే లిక్విడ్, రంగు వెలిసే భయం లేని తెల్లటి పాత గుడ్డ దగ్గర పెట్టుకోండి.

మొదట చెంచా అంచుతో పైపైన ఉన్నదాన్ని గీకి తీసేయండి. అంచుల నుంచి మధ్యకు గీకాలి, లేకపోతే మరక పెద్దదవుతుంది. బ్లష్, ఐషాడో లాంటి పొడి రకమైతే తడి చెయ్యి కూడా తగలనీయకండి. దులిపి, మిగిలినదాన్ని సెలోటేపుతో అద్ది లేపితే చాలావరకు అక్కడితో పని అయిపోతుంది.

జిడ్డు మరక మీద టాల్కం పౌడరు చల్లి, ఓ పావుగంట వదిలి దులపండి. నూనెలో కొంత అది పీల్చేస్తుంది.

అసలు పని ఇప్పుడు. బట్టను తిరగేసి, మరక ఉన్న వైపు కిందికి వచ్చేలా తెల్లగుడ్డ మీద పరవండి. వెనక నుంచి గిన్నెల లిక్విడ్ రెండు చుక్కలు వేసి వేలితో అద్దండి. రుద్దొద్దు. పైనుంచి రుద్దితే రంగు బట్టలోకి పోతుంది, వెనక నుంచి అద్దితే కింది గుడ్డలోకి దిగుతుంది. గుడ్డకు రంగు అంటినప్పుడల్లా శుభ్రంగా ఉన్న చోటికి జరపండి. పది నిమిషాలాగి చన్నీళ్లతో జాడించండి. ఇంకా ఉంటే మళ్లీ ఇదే. విసుగు పుడుతుంది కానీ దీన్ని మించిన దగ్గరిదారి లేదు.

పెదవి మీద నుంచి పోదని చెప్పి అమ్మే లిప్‌స్టిక్ బట్ట మీదా అంతే మొండి. దానికి ముఖానికి వాడే నూనె రకం మేకప్ రిమూవరే ముందు రాయాలి. ఆ నూనెను గిన్నెల లిక్విడ్ వదిలిస్తుంది. అప్పటికీ రంగు ఛాయ ఉంటే సర్జికల్ స్పిరిట్ దూదితో అద్దవచ్చు. ముందు లోపలి కుట్టు దగ్గర ఓ చుక్క వేసి బట్ట రంగు వెలుస్తుందేమో చూసుకోండి. పొయ్యి దగ్గర మాత్రం ఈ పని వద్దు, స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది.

కాటుక మరకకు బ్లీచ్ దండగ. మసి అంటే కార్బన్, బ్లీచ్ దాన్ని తెల్లబరచలేదు. జిడ్డు వదిలించి మసిని బయటికి లాగడమే మార్గం.

ఆ తర్వాత మామూలుగా ఉతికి నీడన ఆరేయండి. జిడ్డు తడిలో కనబడదు, ఆరాక బయటపడుతుంది. మరక పూర్తిగా పోయిందని తేలేదాకా ఇస్త్రీ పెట్టొద్దు. వేడికి మిగిలిన మరక స్థిరపడిపోతుంది.

పెళ్లిబట్టలంటే పసుపూ తప్పదు. సబ్బు తగలగానే అది ఎర్రబడితే కంగారు పడకండి, సబ్బులోని క్షారానికి పసుపు అలాగే మారుతుంది. బాగా జాడిస్తే తిరిగి పసుపుపచ్చకు వస్తుంది. తెల్ల కాటనైతే ఉతికి ఎండలో వేయండి, పసుపు రంగు ఎండకు నిలవదు. కుంకుమ పడితే తడపకుండా ముందు దులపడమే.

పట్టుచీర మీద మాత్రం ప్రయోగాలొద్దు. క్లోరిన్ బ్లీచ్ పట్టుదారాన్ని పాడుచేస్తుంది, నిమ్మరసం జరీకి మంచిది కాదు, టూత్‌పేస్టుతో రుద్దితే పోగు లేస్తుంది. కుంకుడు రసం పట్టుకు మెత్తనిదే గానీ, జరీ అంచు చీర మీది లిప్‌స్టిక్‌కి దాన్ని నమ్ముకోవడం నాకు సమ్మతం కాదు. పౌడరు చల్లి దులిపి, తొందరగా డ్రైక్లీనింగ్‌కు ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ఆ మరక దేనిదో, ఇంట్లో దానికి ఏమేం రాశారో దాచకుండా చెప్పండి.