గుర్తు పెట్టుకోవద్దు, గుర్తు పెట్టండి

మూడు సీట్ల సోఫా. మెరూన్ వెల్వెట్. కుట్టు తీరుగా వచ్చింది, పైపింగ్ ఎక్కడా వంకర పోలేదు. రాత్రి ట్యూబ్‌లైట్ కింద చూస్తే ఏ వంకా కనిపించలేదు. పొద్దున ట్రాలీ ఆటోకి ఎక్కిద్దామని ఎండలోకి తెచ్చేసరికి నడిమి సీటు మిగతా రెండింటికంటే లేతగా, ఏళ్ల తరబడి వాడినట్టు కనిపించింది. మూడు ముక్కలూ ఒకే తానులోవి. ఆ ఒక్కటి మాత్రం వెనకది ముందుకు తిరిగి పడింది.

హైదరాబాద్‌లో అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ దాకా సోఫా పని చేసేవాళ్లలో ఈ బాధ ఎరగనివాళ్లు తక్కువ. పనిరానివాడి చేతిలో జరిగే తప్పు కాదిది. కొత్త కుర్రాడు భయంతో రెండుసార్లు చూసుకుంటాడు. పదేళ్లుగా చేస్తున్నవాడే ‘నాకు తెలుసులే’ అనుకుంటాడు. ముక్క పక్కన పెట్టి, ఛాయ్ తాగొచ్చి, ఫోన్ మాట్లాడి, తిరిగొచ్చాక చేతికందిన వైపు నుంచి కుట్టేస్తాడు. మన భాషలో మనసులో నిలిచేదీ గుర్తే, బట్ట మీద గీసేదీ గుర్తే. ఒక్క ఛాయ్‌తో మొదటిది చెదిరిపోతుంది. రెండోది మనం లేనప్పుడు కూడా అక్కడే ఉంటుంది. ఈ పనిలో నమ్మదగింది రెండోదే.

నూగు ఎటు వాలిందో ముందు తేల్చుకోండి

వెల్వెట్, షెనీల్, స్వేడ్, కార్డురాయ్ లాంటి బట్టల మీద నూగు ఉంటుంది. అది ఒక వైపుకు వాలి ఉంటుంది. పిల్లి వీపు నిమిరినట్టు అరచేత్తో నిమరండి. ఒక వైపు నున్నగా జారుతుంది, ఎదురు నిమిరితే గరుగ్గా అడ్డు తగులుతుంది. నూగు మన వైపు వాలితే దాని కొసలు కనిపించి రంగు చిక్కగా ఉంటుంది. అవతలికి వాలితే పోగుల పక్కలు వెలుగును తిప్పికొట్టి లేతగా మెరుస్తుంది. ఒకే బట్ట రెండు రంగులుగా కనిపించడానికి కారణం ఇదే.

ఏ ముక్క ఎటు ఉండాలో తేల్చడానికి ఒక తేలిక లెక్క ఉంది. సోఫా తల మీద నీళ్లు పోస్తే ఎలా జారతాయో నూగు అలా జారాలి. వీపు మీద పై నుంచి కిందికి, సీటు మీద వెనక నుంచి ముందుకు, ముందు పట్టీ మీద నేల వైపుకు, చేతుల మీద పై నుంచి కిందికి. పువ్వుల డిజైన్ అయితే పువ్వు తల పైకి ఉండాలి, సీటు మీద వీపు వైపుకు ఉండాలి. రెక్సిన్‌కు నూగు లేకపోయినా సాగే గుణం అన్ని వైపులా ఒకేలా ఉండదు. చేత్తో లాగి చూసి, జత ముక్కలను ఒకే వైపుగా కోయండి. లేకపోతే ఒక సీటు బిగుతుగా, ఇంకోటి ముడతలుగా తేలుతుంది.

కత్తెర పట్టకముందే బాణం

తాను పరవగానే, ఒక్క ముక్క కూడా కోయకముందే, వెనక వైపు మూరకొకటి చొప్పున దర్జీ చాక్‌తో బాణాలు గీయండి. బాణం మొన నూగు వాలిన వైపుకే. ఎప్పుడూ అదే పద్ధతి. ఒక రోజు అలా, ఒక రోజు ఇలా గీస్తే గీయకపోవడం కంటే ప్రమాదం. ముక్కలు కోశాక ప్రతి ముక్క మీదా కనీసం ఒక బాణం ఉండాలి. లేకపోతే అప్పుడే గీయాలి, తర్వాత కాదు. వెనక రబ్బరు పూత ఉన్న బట్ట మీద చాక్ రాలిపోతుంది కాబట్టి మాస్కింగ్ టేపు అంటించి దాని మీద రాయండి. బాల్‌పెన్, జెల్‌పెన్ ముట్టుకోవద్దు. తడి తగిలితే లేత రంగు బట్టలో సిరా పైకి తేలుతుంది. మధ్య గుర్తుకు చిన్న గాటు చాలు. అర అంగుళం మార్జిన్‌లో ఆ గాటు పావు అంగుళం దాటకూడదు.

సోఫా బట్ట పన్నా ఎక్కువగా 54 అంగుళాలు. 24 అంగుళాల వెడల్పు సీట్లు రెండు పక్కపక్కన పడితే 48 పోయి 6 అంగుళాలు మిగులుతాయి. మూడో సీటుకు ఇంకో వరస కావాలి. దాని పక్కన మిగిలిన 30 అంగుళాల్లో చేతి ముక్క ఇరికించాలని, దాన్ని కాస్త తిప్పితే సరిపోతుందని అనిపిస్తుంది. తప్పులు ఎక్కువగా అక్కడే పుడతాయి. సాదా బట్టను అడ్డంగా తిప్పినా ఫరవాలేదు కానీ, నూగు బట్టను తిప్పితే మిగిలిన గుడ్డ విలువకు ఎన్నో రెట్లు పోతుంది.

జత ముక్కల కోసం బట్ట మడిచేటప్పుడు ఇంకో ఉచ్చు ఉంది. అంచు మీద అంచు వచ్చేలా, పడుగు పొడవునా మడిస్తే రెండు పొరల్లోనూ నూగు ఒకే వైపు ఉంటుంది. తాను ఒక కొనను ఇంకో కొన మీదికి మడిస్తే పై పొరలో నూగు ఎదురు తిరుగుతుంది. ఎంత శ్రద్ధగా కోసినా ఒక చెయ్యి కచ్చితంగా తిరగబడుతుంది.

అందరికీ అర్థమయ్యే గుర్తు

మన దుకాణాల్లో కోసేది ఒకరు, కుట్టేది ఒకరు, స్టేపుల్ గన్‌తో బిగించేది ఇంకొకరు. ఒకరు తెలుగు, ఒకరు ఉర్దూ, ఒకరు హిందీ. అందరికీ ఒకే లిపి రాదు. బాణం, అంకె మాత్రం అందరికీ వచ్చు. 1 అంటే వీపు, 2 అంటే సీటు, 3 అంటే చెయ్యి అని గోడ మీద ఒక కాగితం అంటించండి.

ఎడమ, కుడి సంగతి కూడా ముందే తేల్చుకోండి. సోఫా ఎదురుగా నిలబడ్డవాడి ఎడమ, అందులో కూర్చున్నవాడికి కుడి అవుతుంది. కోసినవాడు ఒకటి, బిగించేవాడు ఒకటి అనుకుంటే రెండు చేతులూ తారుమారవుతాయి. ‘కూర్చున్న మనిషి ఎడమే మన ఎడమ’ అని దుకాణమంతా ఒక్కమాట మీద ఉండాలి.

పాత సోఫా విప్పేముందు నాలుగు వైపులా ఫోన్‌తో ఫొటోలు తీయండి. విప్పిన ప్రతి ముక్క మీదా అంకె, బాణం వేయండి. సరుకు ఇంటికి చేరేదాకా పాత కవరు పారేయొద్దు.

బిగించేముందు ఒక్క నిమిషం

ప్రతి ముక్కను ముందు రెండు మూడు పిన్నులతోనే ఆపి, పది అడుగుల దూరం నుంచి చూడండి. పగటి వెలుగు లేకపోతే ఫోన్ టార్చి పక్క నుంచి వేస్తే తిరగబడిన ముక్క వెంటనే తెలుస్తుంది. ఆ ముక్కను కోసినవాడు కాకుండా ఇంకొకరు చూస్తే మరీ మంచిది. జనవరి 1న నాంపల్లి మైదానంలో నుమాయిష్ ఎగ్జిబిషన్ మొదలయ్యే ముందు, రంజాన్‌కు, పెళ్లిళ్లకు పని మీద పడుతుంది. ‘ఇవాళ టైం లేదు’ అని ఈ నిమిషం వదిలేసేది ఆ రోజుల్లోనే. స్టేషన్ దగ్గరి లాడ్జికి ఒకే రకం కుర్చీలు 20 చేస్తే, వరసలో తిరగబడిన ఒక్క కుర్చీనే చూసినవాళ్ల కన్ను పట్టుకుంటుంది.

ఆపరేషన్ చేసే డాక్టర్లు కూడా తమ జ్ఞాపకాన్ని నమ్ముకోరు. రోగి శరీరం మీద ముందే పెన్నుతో గుర్తు పెడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన 19 అంశాల పట్టికలో, మత్తు ఇవ్వకముందే ‘గుర్తు పెట్టారా?’ అని అడగడం ఒకటి. అంత చదివినవాళ్లు అడిగించుకోవడానికి చిన్నబోనప్పుడు, మనం చిన్నబోవలసిన పని లేదు.

ఇన్ని చేసినా ఒక్కోసారి తప్పు జరుగుతుంది. జరిగితే దాచకండి, ‘లైటు తేడా’ అని గిరాకీకి సర్దిచెప్పకండి. ముక్క మార్చి ఇవ్వండి. ఆ తప్పు ఎక్కడ పుట్టిందో, మడతలోనా, ఎడమ కుడుల్లోనా, గీయని బాణంలోనా, గోడ మీది కాగితంలో ఒక వరస చేర్చండి.

రేపు పొద్దున దుకాణం తెరవగానే ఒక చాక్ ముక్కను దారంతో కటింగ్ బల్లకు కట్టండి. పక్కనే కత్తెర పెట్టండి. చాక్ గీశాకే కత్తెర అందుకోండి.