క్రొత్త నాణెమును నమ్మకమును

నూఱు రూపాయల నోటును పుచ్చుకొనునపుడు మనము కాగితమును నమ్ముట లేదు; దానిపై సంతకము చేసిన రిజర్వు బ్యాంకు గవర్నరు వాగ్దానమును నమ్ముచున్నాము. 2009వ సంవత్సరమున బయలుదేరిన బిట్‌కాయిన్ అను క్రిప్టో కరెన్సీకి అట్టి సంతకము లేదు. దాని జమాఖర్చుల చిట్టా లోకమందలి అనేక కంప్యూటర్లలో ఒకే రీతిగ నుండును. ఏ యొక్కరును తమంతట దానిని దిద్దజాలరు. కావున ఎవరిని నమ్మవలసిన పనియు లేదని దాని పక్షమువారు చెప్పుదురు. ఇది నిజమేనా? ఒక దేశపు అనుభవమును చూతము.

మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడోర్ దేశమున, సముద్రతీరమందు ఎల్ జోంటే అను చిన్న పల్లె కలదు. 2019లో పేరు తెలుపని దాత యొకరు బిట్‌కాయిన్లు ఈయగా, ఆ యూరి యువకులే దుకాణదారులకు వాని వాడుక నేర్పిరి. సందేహము కలిగిన అడుగుటకు తెలిసిన మనిషి వీధిలోనే యుండెను.

2021 సెప్టెంబరు 7న ప్రభుత్వము డాలరుతోబాటు బిట్‌కాయినును దేశమంతట చెల్లునట్లు చట్టము అమలుపఱచెను. ‘చీవో’ అను యాప్‌ను ఫోనులో అమర్చుకొన్న పౌరులకు 30 డాలర్ల విలువను కానుకగ నిచ్చెను. జనులు అమర్చుకొనిరి. అయితే కొందఱు ఆర్థికశాస్త్రజ్ఞులు 1,800 కుటుంబముల విచారింపగా, పెక్కుమంది ఆ కానుకను వ్యయపఱచి పిమ్మట దానిని వాడలేదని తేలెను. అసలే చేపట్టనివారు నగదే మేలనిరి. నమ్మకము లేదనియు ననిరి. తుదకు 2025లో దుకాణదారులపై నుండిన నిర్బంధము తొలగింపబడెను. కానుక చేయి చాపించును గాని మనస్సు నొప్పింపజాలదు.

అయినను నమ్మకము సయితము మోసపోవచ్చును. 2022 నవంబరులో ఎఫ్‌టిఎక్స్ అను గొప్ప మారకపు సంస్థ దివాలా తీసెను. దాని స్థాపకుడు ఖాతాదారుల సొమ్మును అపహరించెనని తేలి, 2024లో 25 ఏండ్ల శిక్ష పొందెను. ఆ సంస్థ ప్రకటనలలో ప్రసిద్ధులు కనబడినందుననే పలువురు దానిని నమ్మియుండిరి.

కాబట్టి నేర్పువానిని గుర్తెఱుగవలెను. నమ్మదగినవాడు లాభముకంటె ముందు నష్టమును చెప్పును, ధర పడిపోవచ్చుననియు, రహస్యపు మాటలు పోయినచో ఏ బ్యాంకును సొమ్ము తిరిగి యిప్పింపజాలదనియు హెచ్చరించును, ఆ మాటలను తనకు చెప్పుమని అడుగడు, తొందరపెట్టడు. ఈ గుణములు లేనివాడు బంధువైనను, అతని మాటపై మన కష్టార్జితమును పెట్టరాదు. విద్యార్థులు ఈ సంగతిని ఇంటివద్ద పెద్దలకు చదివి వినిపింతురని కోరుచున్నాము.