ఐరోపా బృందయాత్ర

పాఠ్యభాగ ఉద్దేశం

చదువు, ఉద్యోగం, విహారం – కారణమేదైనా, నేడు విదేశాలకు వెళ్ళే తెలుగు యువతీయువకులు ఎందరో ఉన్నారు. కోచ్ బస్సులో బృందంగా ఐరోపా దేశాలను చూసి రాదలచిన యువయాత్రికులు ముందుగా చేసుకోవలసిన సన్నాహాన్ని, ప్రయాణంలో పాటించవలసిన నియమాలను తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

యాత్ర తెలుగువారికి కొత్త కాదు. పలువురు కలిసి యాత్ర చేయడమూ కొత్త కాదు. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం నుండి కాశీకి బయలుదేరినప్పుడు ఆయన వెంట సుమారు నూరుమంది పరివారం ఉన్నారు. దారిలోని మజిలీలను, అక్కడ దొరికే వసతులను ఆయన తన తరువాత వచ్చేవారికి ఉపయోగపడేలా వివరంగా రాసి ఉంచాడు. ఐరోపాలో ఈ బృందయాత్ర వ్యాపారంగా రూపుదిద్దుకొన్నది. 1841 జూలై 5న ఇంగ్లండులో థామస్ కుక్ అనే వ్యక్తి దాదాపు 500 మందిని మనిషికి ఒక షిల్లింగు చొప్పున ఒక ప్రత్యేక రైలులో లీస్టర్ నుండి లఫ్‌బరోకు తీసుకుపోయాడు. ముందుగా నిర్ణయించిన వెల చెల్లించి పలువురు కలిసి ప్రయాణించే ఆధునిక విహారయాత్రకు అది నాంది అయింది. 1960ల ఆరంభంలో జాన్ ఆండర్సన్ అనే న్యూజిలాండ్ యువకుడు లండన్ నుండి తోటి యువకులను ఒక చిన్న వాహనంలో ఎక్కించుకొని ఐరోపాను చుట్టివచ్చాడు. 18 నుండి 35 సంవత్సరాల వయసు వారికి కోచ్ యాత్రలు నడిపి పేరు తెచ్చుకొన్న కాంటికి సంస్థకు ఆ ప్రయాణమే మూలం.

ఒంటరిగా పోయేవారి కాలం వారి సొంతం. బృందంతో పోయేవారి కాలం అందరి ఉమ్మడి సొత్తు. ఈ సూత్రాన్ని గ్రహించినవారికి బృందయాత్రకు సంబంధించిన సూచనలన్నీ సులభంగా బోధపడతాయి.

బయలుదేరక ముందు

యాత్రాసంస్థ అచ్చువేసిన పుస్తకంలో నగరాల పేర్లను, అందమైన చిత్రాలను చూసి మురిసిపోవడం సహజం. కాని డబ్బు చెల్లించే ముందు చదవవలసినవి చిన్న అక్షరాలలో ఉన్న షరతులు. ఒక కట్టడాన్ని బస్సులో నుండి చూపడం వేరు, దాని ఎదుట దించడం వేరు, టికెట్టు కొని లోపలికి తీసుకుపోవడం వేరు. ఈ మూడింటిలో సంస్థ హామీ ఇచ్చినది ఏదో అడిగి తెలుసుకోవాలి. వెలలో ఎన్ని భోజనాలు చేరి ఉన్నాయి, అదనపు విహారాలకు ఎంత అవుతుంది, బస నగరంలోనా శివార్లలోనా, ప్రయాణం మానుకొంటే ఎంత సొమ్ము తిరిగి వస్తుంది అనే ప్రశ్నలకు సమాధానాలను రాతపూర్వకంగా పొందాలి. తల్లిదండ్రులు కూడబెట్టిన ధనంతో చేసే ప్రయాణంలో ఈ శ్రద్ధ యువకుల కనీస కర్తవ్యం.

తరువాతిది వీసా. 1985 జూన్ 14న లక్సెంబర్గ్ దేశంలోని షెంగెన్ అనే చిన్న గ్రామంలో కుదిరిన ఒప్పందం క్రమంగా విస్తరించి, ప్రస్తుతం 29 దేశాలను ఒకే వీసా పరిధిలోకి తెచ్చింది. ఈ వీసాతో ఏ 180 రోజుల వ్యవధిలోనైనా 90 రోజులకు మించకుండా ఆ దేశాలలో ఉండవచ్చు. ఎక్కువ రోజులు గడిపే దేశానికే దరఖాస్తు చేయాలి. రెండు దేశాలలో రోజులు సమానమైతే ముందుగా అడుగుపెట్టే దేశానికి చేయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుండి దరఖాస్తులు తీసుకొంటారు. పదిహేను రోజుల గడువు కనిష్ఠ నియమం మాత్రమే కాబట్టి అంతవరకు ఆగడం వివేకం కాదు. పాస్‌పోర్టు గడువు ఐరోపా నుండి తిరిగి వచ్చే తేదీ తరువాత కనీసం మూడు నెలలు మిగిలి ఉండాలి. 30,000 యూరోలకు తక్కువ కాని వైద్య బీమా తప్పనిసరి. బ్రిటన్, ఐర్లండ్ దేశాలు షెంగెన్ పరిధిలో లేవు. యాత్ర మధ్యలో లండన్ వెళ్ళి తిరిగి పారిస్ రావలసి ఉంటే బ్రిటన్ వీసాతో పాటు, ఒకటి కంటే ఎక్కువ సార్లు ప్రవేశించే వీలున్న షెంగెన్ వీసా కూడా అవసరం.

ఇంటర్మీడియట్ చదివేవారిలో చాలామందికి 18 ఏళ్ళు నిండి ఉండవు. అటువంటివారి వీసా దరఖాస్తుకు తల్లిదండ్రుల సమ్మతిపత్రం కావాలి. పెద్దలు తోడు లేని పిల్లలను చేర్చుకొనేదీ లేనిదీ సంస్థను ముందే అడగాలి.

ఇక సామాను. కోచ్ అడుగు భాగంలోని అరలలో అందరి పెట్టెలూ పట్టాలి. అందుచేత ఒక్కొక్కరికి ఒక పెట్టె, ఒక చేతిసంచి చాలు. ఎవరి పెట్టెను వారే మెట్లపై మోసుకొనగలిగినంత బరువే ఉంచుకోవాలి. స్విట్జర్లాండులోని యుంగ్‌ఫ్రాయోఖ్ వద్ద రైలు 3,454 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. ఎండాకాలంలోనూ అక్కడ మంచు ఉంటుంది. ఒక దళసరి కోటు కంటే ఒకదానిపై ఒకటి వేసుకొనే రెండు మూడు పలుచని దుస్తులు, పైన వానకు ఆగే చొక్కా మేలు. కొత్త బూట్లను ప్రయాణానికి కొన్ని వారాల ముందే తొడిగి నడిచి అలవాటు చేసుకోవాలి. రాళ్ళు పరచిన పాత వీధులలో రోజంతా నడవవలసి వస్తుంది. తినుబండారాల విషయంలోనూ నిబంధనలున్నాయి. మాంసం, పాలు, పాలతో చేసిన పదార్థాలను బయటి దేశాల నుండి ఐరోపా సమాఖ్యలోకి ప్రయాణికులు తీసుకుపోరాదు. కనుక ఇంటివారు ప్రేమతో కట్టి ఇచ్చే నేతిసీసాను, పాలకోవాను ఇంటివద్దనే వదలాలి.

కోచ్‌లో

బృందం ఎక్కే కోచ్‌ను నడిపే డ్రైవరు చట్టానికి బద్ధుడు. ఐరోపా సమాఖ్య 2006లో చేసిన నిబంధన ప్రకారం అతడు నాలుగున్నర గంటలు నడిపిన తరువాత 45 నిమిషాలు విరామం తీసుకోవాలి. రోజుకు తొమ్మిది గంటలకు మించి నడపరాదు. వారంలో రెండు రోజులు మాత్రం పది గంటల వరకు నడపవచ్చు. సాధారణంగా ప్రతిదినం పదకొండు గంటల విశ్రాంతి ఉండాలి. వాహనంలోని టాకోగ్రాఫ్ అనే యంత్రం ఈ లెక్కలన్నీ నమోదు చేస్తుంది. నియమం తప్పితే జరిమానా పడుతుంది. అలసిన డ్రైవరు చేతిలో యాభై ప్రాణాలు ఉండరాదన్నదే ఈ నిబంధన సారాంశం. అంతేకాక ఫ్లోరెన్స్, రోమ్ వంటి నగరాలలోకి కోచ్‌లు ముందుగా అనుమతి పొంది, రుసుము చెల్లించి ప్రవేశించాలి. నిర్ణీత స్థలంలో తప్ప ఆగరాదు. పేరున్న ప్రదర్శనశాలల టికెట్టుపై ప్రవేశ సమయం ముద్రించి ఉంటుంది.

ఇప్పుడు ఆలస్యం విలువ లెక్కించి చూడండి. ఒకరు మూడు చోట్ల పది నిమిషాల చొప్పున ఆలస్యం చేస్తే అర్ధగంట పోతుంది. బస్సులో నలభైమంది ఉంటే అది మొత్తం ఇరవై గంటల నష్టం. ఆ అర్ధగంట వల్ల ప్రదర్శనశాల ప్రవేశం తప్పిపోవచ్చు, లేదా డ్రైవరు పనిగంటలు ముగిసి సాయంకాలపు విహారం రద్దు కావచ్చు. ఒకరు దుకాణంలో బేరమాడుతూ గడిపిన కాలానికి, జీవితంలో ఒక్కసారి వచ్చిన మరొకరు మూల్యం చెల్లిస్తారు. అందుచేత చెప్పిన వేళకు ఐదు నిమిషాల ముందే బస్సు వద్దకు చేరడం బృందధర్మం.

బస్సులో సీటు బెల్టు పెట్టుకోవాలి. ముందు సీట్లు ఎవరికీ శాశ్వతం కావు. రోజుకొక వరుస చొప్పున మారడం అందరికీ న్యాయం. ఘాటైన వాసన గల ఆహారాన్ని బస్సులో విప్పకూడదు. పాటలను చెవిగొట్టాలతో వినాలి. రహదారి పక్కన ఆగినప్పుడు మరుగుదొడ్డికి రుసుము ఇవ్వవలసి రావచ్చు కనుక కొన్ని నాణేలు దగ్గర ఉంచుకోవాలి.

నగరంలో

బస్సు దిగగానే మొదట చేయవలసిన పని ఫోటో తీసుకోవడం. అది కట్టడానికి కాదు, దిగిన చోటుకు, బస్సు నంబరుకు. ఒకే రంగు కోచ్‌లు పదులకొద్దీ నిలిచిన ఆవరణలో తమ బస్సును పోల్చుకోవడం సులభం కాదు. టూర్ మేనేజరు ఫోన్ నంబరును, ఆ రాత్రి బస చేసే హోటలు చిరునామాను కాగితంపై రాసి జేబులో ఉంచుకోవాలి. చార్జింగు అయిపోయిన ఫోనులో ఎన్ని నంబర్లు ఉన్నా ప్రయోజనం లేదు. బృందం నుండి తప్పిపోతే వెతుకుతూ తిరగరాదు. నలుగురి కంట పడే చోట నిలిచి ఫోను చేయాలి. ఐరోపా సమాఖ్య దేశాలన్నింటిలో అత్యవసర సహాయానికి 112 నంబరు ఉచితంగా పనిచేస్తుంది.

రోడ్డు దాటేటప్పుడు అలవాటును మార్చుకోవాలి. బ్రిటన్, ఐర్లండ్ వంటి కొన్ని దేశాలలో తప్ప ఐరోపా అంతటా వాహనాలు కుడివైపున నడుస్తాయి. కనుక ముందు ఎడమకు చూడాలి. ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో సైకిళ్ళకు వేరే బాట ఉంటుంది. దానిపై నిలబడి ఫోటోలు తీసుకోవడం ప్రమాదకరం.

పారిస్‌లోని ఈఫిల్ టవర్ పరిసరాలు, రోమ్‌లోని ట్రెవీ జలయంత్రం, బార్సిలోనాలోని లా రాంబ్లా వీధి – ఇవన్నీ యాత్రికులతో పాటు జేబుదొంగలకూ ఇష్టమైన స్థలాలే. సంతకం చేయమని అట్ట చాపేవారు, మణికట్టుకు దారం కట్టబోయేవారు, పోలీసులమని చెప్పి పర్సు చూపమనేవారు ఎదురైతే మర్యాదగా తల అడ్డంగా ఊపి ముందుకు సాగాలి. పాస్‌పోర్టును దుస్తుల లోపల కట్టుకొనే సంచిలో దాచాలి. నకలును వేరే చోట ఉంచాలి. పాస్‌పోర్టు పోతే ముందు పోలీసులకు ఫిర్యాదు చేసి, ఆ తరువాత భారత రాయబార కార్యాలయాన్ని ఆశ్రయించాలి. వారు ఇచ్చే అత్యవసర ధ్రువపత్రం స్వదేశం చేరడానికి మాత్రమే పనికివస్తుంది. యాత్ర అంతటితో ముగిసినట్లే. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని లాభం లేదు.

డబ్బు విషయంలోనూ మెలకువ అవసరం. యూరో అన్ని దేశాలలో చెల్లదు. స్విట్జర్లాండులో ఫ్రాంకు, చెక్ దేశంలో కొరునా, హంగరీలో ఫోరింటు వాడుకలో ఉన్నాయి. కార్డుతో చెల్లించేటప్పుడు యంత్రం రూపాయలలో తీసుకోమంటారా అని అడిగితే వద్దని, స్థానిక నాణెంలోనే చెల్లించాలి. లేకపోతే దుకాణదారుని తరఫు సంస్థ నిర్ణయించిన మారకపు ధరను ఒప్పుకొన్నట్లవుతుంది. అది సాధారణంగా మనకు నష్టమే.

అతిథి మర్యాద

మనం చూడబోయే నగరాలలో మనుషులు నివసిస్తున్నారన్న సంగతి మరువరాదు. వెనిస్ నగరం 2024లో యాత్రికుల బృందాలను 25 మందికి పరిమితం చేసి, మార్గదర్శకులు లౌడుస్పీకర్లు వాడరాదని నిషేధించింది. రోమ్‌లో స్పానిష్ మెట్లపై కూర్చోవడాన్ని 2019లో నిషేధించారు. యాత్రికుల రద్దీ వల్ల స్థానికులు పడిన ఇబ్బందే ఇటువంటి నియమాలకు కారణం. వాటికన్ వంటి ప్రార్థనాలయాలకు భుజాలు, మోకాళ్ళు కప్పే దుస్తులతో వెళ్ళాలి. మ్యూనిక్ సమీపంలోని డాఖౌ 1933లో నాజీలు నెలకొల్పిన నిర్బంధ శిబిరం. వేలమంది ప్రాణాలు కోల్పోయిన ఆ నేలపై నవ్వుతూ ఫోటోలకు నిలబడడం తగదు. అక్కడ మౌనమే మర్యాద.

చివరగా సహప్రయాణికుల మాట. ఇంటికి దూరంగా ఉన్నప్పుడు తోటివారి ఒత్తిడి బలంగా పనిచేస్తుంది. ఇష్టం లేని మద్యాన్ని గాని, రాత్రివేళ తెలియని చోటికి వెళ్ళడాన్ని గాని కాదని చెప్పడం అవమర్యాద కాదు. బయటికి వెళ్ళేవారు కనీసం ఒకరు తోడుగా, ఎక్కడికి వెళ్తున్నదీ గదిలోని వారికి చెప్పి వెళ్ళాలి. ఎవరికైనా జ్వరం వచ్చినా, ఎవరి ప్రవర్తనవల్లనైనా భయం కలిగినా వెంటనే టూర్ మేనేజరుకు తెలపాలి. మౌనంగా వెనుకబడినవారిని పలకరించి వెంట కలుపుకోవాలి. పది రోజులు ఒకే బస్సులో గడిపిన నలభైమందిలో ఎవరూ ఒంటరిగా మిగలకపోతే ఆ యాత్ర సఫలమైనట్లే. బృందం తన కాలాన్ని, క్షేమాన్ని మనచేతిలో పెట్టింది. వాటిని కాపాడగలిగినవారే మంచి యాత్రికులు.

అర్థాలు

పరివారం = వెంట ఉండే జనం
మజిలీ = ప్రయాణంలో బస చేసే చోటు
నాంది = ఆరంభం
బద్ధుడు = కట్టుబడినవాడు
రుసుము = చెల్లించవలసిన పైకం
మూల్యం = వెల

అభ్యాసం

అ. వ్యాసరూప ప్రశ్నలు
1. ఐరోపా యాత్రకు బయలుదేరక ముందు చేసుకోవలసిన సన్నాహాన్ని వివరించండి.
2. ‘బృందంతో పోయేవారి కాలం అందరి ఉమ్మడి సొత్తు’ – ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ. సంగ్రహరూప ప్రశ్నలు
1. కోచ్ డ్రైవరు పనిగంటల నిబంధనలు ఏవి? వాటి ఉద్దేశం ఏమిటి?
2. పాస్‌పోర్టు పోయినవారు ఏమి చేయాలి?
3. డాఖౌ వంటి స్థలాలలో యాత్రికులు ఎలా మెలగాలి?

ఇ. వ్యాకరణం
1. సూచనలు + అన్నీ = సూచనలన్నీ – ఉత్వసంధి
2. అతి + అవసరం = అత్యవసరం – యణాదేశసంధి
3. ప్రార్థన + ఆలయం = ప్రార్థనాలయం – సవర్ణదీర్ఘసంధి
4. యువతీయువకులు – యువతులును, యువకులును – ద్వంద్వ సమాసం