వనవాసిని సినిమా తీస్తే బాగుంటుందా?

ఈ నెల గోడపత్రికలో చదువు వ్యాసం రాసే వంతు నాది. మన లైబ్రరీ బీరువాలో రెండో అరలో ఉన్న రెండు పుస్తకాల గురించి రాస్తున్నాను. ఒకటి సినిమాగా వచ్చింది. రెండోది సినిమాగా రావాలని నాకు ఎంతో ఆశ. వస్తే ఎట్లా తీస్తారో అని అంతకంటే ఎక్కువ భయం.

రెండు పుస్తకాలూ రాసింది ఒక్కరే, బెంగాలీ రచయిత విభూతిభూషణ్ బందోపాధ్యాయ. మొదటిది "పథేర్ పాంచాలీ". 1929లో పుస్తకంగా వచ్చింది. తెలుగులోకి తెచ్చింది మద్దిపట్ల సూరి గారు. రెండోది "ఆరణ్యక్", 1939లో వచ్చింది. సూరంపూడి సీతారాం గారు దాన్ని "వనవాసి" అని తెలుగు చేశారు.

"పథేర్ పాంచాలీ"ని సత్యజిత్ రాయ్ 1955లో సినిమా తీశారు. ఆయనకు అదే మొదటి సినిమా. అంతకుముందు ఆ నవలని పిల్లల కోసం చిన్నది చేసి వేస్తే, దానికి బొమ్మలు వేసింది ఆయనే. అంటే కెమెరా పట్టకముందే దుర్గనీ అపునీ చేత్తో గీసి చూసుకున్నారన్న మాట. షూటింగ్ 1952లో మొదలైంది. మధ్యలో డబ్బులు అయిపోయి, భార్య నగలు కూడా తాకట్టు పెట్టారు. చివరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం డబ్బు ఇస్తే పూర్తయింది. రెల్లు పూలలో పిల్లలు పరుగెత్తేది ఒక రోజు తీసి, తర్వాత మళ్ళీ వెళ్తే, పూలన్నీ పశువులు మేసేశాయంట! మళ్ళీ పూలు పూసేదాకా ఆగి తీశారు. ఇది మేడం చెప్తే క్లాసంతా నవ్వాం. పశువులకి సినిమా అని ఎట్లా తెలుస్తుంది?

ఈ సినిమాని మన కంప్యూటర్ రూములో గోడ మీద వేసి చూపించారు కదా. మాటలు బెంగాలీలో, కింద అక్షరాలు ఇంగ్లీషులో. మేడం మొదట ఒక పది నిమిషాలు ఆపి ఆపి చెప్పారు. ఆ తర్వాత మేమే "వద్దు మేడం, అర్థమైతుంది" అన్నాం. దుర్గ చనిపోయినప్పుడు ఐదో తరగతి పిల్లలు కూడా ఏడ్చారు. వాళ్ళు పుస్తకం చదవలేదు, బెంగాలీ రాదు, ఇంగ్లీషు చదివే లోపు అక్షరాలు వెళ్ళిపోతున్నాయి. అయినా ఏడ్చారు. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

పుస్తకానికీ సినిమాకీ తేడాలు చాలా ఉన్నాయి. పుస్తకంలో దుర్గ రైలుని ఎప్పుడూ చూడదు. అక్కా తమ్ముడూ రైలు పట్టాలు వెతుక్కుంటూ పొలాల్లో పడి పోతారు గానీ దారి తప్పుతారు. తర్వాత జ్వరంలో పడుకుని తమ్ముడిని అడుగుతుంది, బాగయ్యాక నాకు రైలు చూపిస్తావా అని. బాగవ్వదు. సినిమాలో ఐతే ఇద్దరూ రెల్లు పూలలో పరుగెత్తుతారు. అక్క వెనక తడబడి పడిపోతుంది, అపు ఒక్కడే రైలు దగ్గరికి వెళ్ళి చూస్తాడు. నేను పుస్తకం ముందు చదివాను కాబట్టి నాకు కోపం వచ్చింది. ఆ సంగతి మార్చేస్తే దుర్గలో సగం పోయినట్టే. నా పక్కన కూర్చున్న నా స్నేహితురాలు ఒప్పుకోలేదు. "అక్క పడిపోయింది, తమ్ముడే చూశాడు, అదే మాట గదా" అన్నది. ఆ రాత్రి స్టడీ అవర్‌లో కూడా దీని మీదే వాదించుకున్నాం. నేను ఇంకా పుస్తకం వైపే.

కానీ ఇంకొక చోట సినిమాయే గెలిచిందని ఒప్పుకోవాలి. దుర్గ దొంగతనం చేసిందని ఊళ్ళో వాళ్ళు అంటారు, ఆమె కాదంటుంది. ఆమె పోయాక ఆ వస్తువు ఇంట్లోనే తమ్ముడికి దొరుకుతుంది. పుస్తకంలో అది చిన్న బంగారు భరిణె. అపు దాన్ని వెదురు పొదల్లోకి విసిరేస్తాడు. సినిమాలో అది పూసల దండ. చెరువులోకి విసిరేస్తాడు. నీళ్ళ మీద నాచు విడిపోయి, మళ్ళీ మెల్లగా దగ్గరికి వచ్చి మూసుకుంటుంది. ఒక్క మాట లేదు. అక్క గుట్టు నీళ్ళు దాచుకున్నాయి. రచయిత 1950లోనే చనిపోయారు కాబట్టి సినిమా చూడలేదు. చూసి ఉంటే ఈ చెరువు ఆయనకి నచ్చేది అనుకుంటున్నాను.

ఇప్పుడు వనవాసి. చదవని వాళ్ళ కోసం కొంచెం చెప్తాను. సత్యచరణ్ అనే కలకత్తా కుర్రాడు ఉద్యోగం దొరక్క, బీహార్ వైపు ఒక జమీందారీ అడవికి మేనేజరుగా పోతాడు. పని ఏమిటంటే, ఆ అడవిని ముక్కలు చేసి సాగుకి ఇవ్వడం. మొదట అతనికి అడవి అంటే విసుగు. తర్వాత వెన్నెల్లో గుర్రం మీద తిరిగి తిరిగి అడవి మీద పిచ్చి ప్రేమ పుడుతుంది. యుగళప్రసాద్ అని ఒకతను ఎక్కడెక్కడి నుంచో పూల విత్తనాలు తెచ్చి అడవిలో నాటుతుంటాడు, ఎవరి కోసమూ కాదు. పశువులు మేపుకునే ముసలి సంతాల్ రాజు దోబ్రు పన్నా ఉంటాడు, ఆయన వంశంలోని పిల్ల భానుమతి ఉంటుంది. ఇంత ప్రేమ పుట్టాక కూడా సత్యచరణ్ చేతుల మీదుగానే ఆ అడవి పోతుంది. ఉద్యోగం అది.

మా అమ్మకి చదవడం రాదు. మా నాన్నకీ రాదు. మీలో చాలామందికి ఇంట్లో ఇంతే కదా. సంక్రాంతి సెలవుల్లో వనవాసి తీసుకెళ్ళి రోజూ రాత్రి కొంచెం కొంచెం అమ్మకి కోయ భాషలో చెప్పాను. అందులో అడవి దున్నల దేవుడు ఉంటాడు. వేటగాళ్ళు తవ్విన గోతిలో దున్నలు పడకుండా చెయ్యి ఎత్తి ఆపుతాడు. అమ్మ అంతా విని ఒకటే అడిగింది: అడవి కొట్టేశాక ఆ దేవుడు ఎటు పోయాడు అని. నాకు జవాబు రాలేదు. పుస్తకంలో కూడా లేదు. కానీ నేను చెప్పింది పుస్తకంలో పదో వంతు కూడా కాదు. ఆ వెన్నెల రాత్రులు నా కోయ మాటల్లో సరిగ్గా రావడం లేదు. సినిమా ఐతే అమ్మ తన కళ్ళతో చూస్తుంది. ఐదో తరగతి పిల్లలు ఏడ్చినట్టే, ఏ భాషలో ఉన్నా అమ్మకి అందుతుంది. అందుకే సినిమా రావాలని నా ఆశ.

భయం కూడా అక్కడే ఉంది. నాకు సినిమా నచ్చకపోతే బీరువా తెరిచి పుస్తకం తీసుకుంటాను. అమ్మకి ఆ వీలు లేదు. సినిమాలో ఏది చూపిస్తే ఆమెకి అదే వనవాసి.

మన సినిమాల్లో కోయదొర అంటే ఎవరు? ఈకలు పెట్టుకుని వంకర యాసలో జాతకం చెప్పేవాడు. హాల్లో అందరూ నవ్వుతారు. మా ఊళ్ళో అట్లా మాట్లాడే మనిషి ఒక్కరు లేరు. భానుమతికి కూడా ఈకలు పెడతారా? ఒక చోట సత్యచరణ్ ఆమెని భారతవర్షం పేరు విన్నావా అని అడుగుతాడు. ఆమె వినలేదు, అది ఎటు వైపు ఉంది అంటుంది. పుస్తకంలో అతను నవ్వడు. అది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను, ఎందుకంటే మా నానమ్మని అడిగినా అదే చెప్తుంది. అడవి ఆమెకి ఎంత తెలుసో అడిగినవాళ్ళు లేరు. ఆ మాట సినిమా హాల్లో వస్తే ఈల వేస్తారా, ఊరుకుంటారా? అది తీసేవాళ్ళ చేతిలో ఉంటుంది.

మంచి డైరెక్టర్ ఐతే ఈ భయం ఉండదు అనుకున్నాను. సత్యజిత్ రాయే తీసి ఉంటే అని మేడంతో అన్నాను. అప్పుడు మేడం ఒక ఫోటో చూపించారు. 1970లో ఆయన "అరణ్యేర్ దిన్ రాత్రి" తీశారు. అది సునీల్ గంగోపాధ్యాయ నవల. నలుగురు కలకత్తా యువకులు పలాము అడవికి సరదాగా వస్తారు. అందులో దులీ అనే సంతాల్ అమ్మాయి ఉంటుంది. దులీగా వేసింది సిమీ గరేవాల్, హిందీ సినిమాల నటి. ఒంటికి నల్ల రంగు పూశారు. ఫోటోలో ఆమె బాగా నటించినట్టే ఉంది, దాని గురించి కాదు నేను చెప్పేది. అపు కోసం ఇదే డైరెక్టర్ పేపర్లో ప్రకటన వేసి, ఎంతోమంది పిల్లల్ని చూసి, చివరికి పక్కింటి పిల్లవాడిని పట్టుకున్నారు. ముసలి అత్తయ్య వేషానికి ఎనభై ఏళ్ళ చునీబాలా దేవిని వెతికి తెచ్చారు. దులీకి మాత్రం రంగు సరిపోయిందా?

ఇంకొక భయం సత్యచరణ్ గురించి. సినిమాలో అతన్ని హీరో చేస్తారు. హీరో అన్నాక అడవిని కాపాడాలి, గొడ్డలి వాళ్ళని కొట్టాలి. భానుమతితో పాటలు కూడా పెడతారు. పుస్తకంలో ఆమెని పెళ్ళి చేసుకుని ఇక్కడే ఉండిపోతే బాగుండు అని మనసులో అనుకుంటాడు, అంతే, వెళ్ళిపోతాడు. అతను అడవిని కాపాడలేదు. ప్రేమిస్తూనే పట్టాలు రాసి ఇచ్చాడు, తర్వాత బాధపడ్డాడు. నాకు పుస్తకం నచ్చింది అందుకే. అడవి పోయిన చోట కాపాడిన హీరోని చూపిస్తే, అమ్మ అడిగిన దేవుడు ఎటు పోయాడో ఇంకెవరూ అడగరు.

ఎవరైనా తీస్తే రైలు సంగతి లాంటివి మార్చుకోండి, నేను పోట్లాడను (కొంచెం పోట్లాడతాను). భానుమతిగా మాత్రం అడవి పిల్లనే పెట్టాలి. ఆమె ఇంట్లో తన భాష మాట్లాడాలి. కింద తెలుగు అక్షరాలు వేసుకోండి, చదవాల్సినవాళ్ళు చదువుకుంటారు.

వనవాసి ఆదివారం దాకా నా ట్రంకు పెట్టెలో ఉంటుంది. తర్వాత కావలసినవాళ్ళు రిజిస్టర్లో పేరు రాసుకోండి. అట్ట ఊడిపోయింది, అన్నం మెతుకులతో అంటించాను, జాగ్రత్తగా తిప్పండి.

— 9వ తరగతి విద్యార్థిని